కౌన్సెలింగా, మాస్ కమ్యూనికేషనా: అమలాపురం అమ్మాయికి నా జవాబు

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను అమ్మా. అమలాపురంలో బీఏ ఆఖరి సంవత్సరం, హాస్టల్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా రాత్రి నీ మంచం దగ్గరికే వస్తారు, మరోపక్క కోనసీమ మీద నువ్వు చేసే వీడియోలు బాగానే చూస్తున్నారు, ఇంట్లోవాళ్లేమో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. కౌన్సెలింగ్ చదవాలా, మాస్ కమ్యూనికేషన్ చదవాలా, విశాఖ దాకా పంపకపోతే దూరవిద్యలో చేసినా సరిపోతుందా అని కదా అడిగావు. నేను ఆ రెండు పనులూ చేశాను. పదకొండేళ్లు పత్రికలో ఉన్నాను, మొదట పాలకొల్లు వైపు మండల కంట్రిబ్యూటర్‌గా, అంటే మండలం వార్తలు పంపే విలేకరిగా, తర్వాత రాజమండ్రిలో ఆ వార్తలు దిద్దే జిల్లా డెస్క్‌లో. ఆ తర్వాత మళ్లీ పుస్తకాలు పట్టుకుని సైకాలజీలో పీజీ చేసి, ఇప్పుడు భీమవరం చుట్టుపక్కల కాలేజీల్లో పిల్లలకు కౌన్సెలర్‌గా ఉన్నాను. వయసులో పెద్దదాన్ని కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు ఆ కౌన్సెలింగ్ అనే మాట సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లోవాళ్ల భయం సగం అక్కడే ఉంది. మన దగ్గర ఆ మాటకు రెండే అర్థాలు. ఒకటి ఈఏపీసెట్ రాశాక సీట్ల కోసం జరిగే కౌన్సెలింగ్. రెండోది పోలీస్ స్టేషన్లో జరిగేది, ‘ఆకతాయిలకు ఎస్సై కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు’ అని నేనే ఎన్ని వార్తలు రాశానో లెక్కలేదు. పిల్లల్ని నా గదికి తీసుకొచ్చే తండ్రులు కూడా గుమ్మంలోనే ‘కాస్త గట్టిగా కౌన్సెలింగ్ ఇవ్వండి మేడమ్, మా మాట వినట్లేదు’ అంటారు. నిజానికి ఆ గదిలో మనం ఇచ్చేది చాలా తక్కువ. ఎక్కువసేపు వింటాం, విన్నది సరిగ్గా అర్థమైందో లేదో అడిగి చూసుకుంటాం, సలహా నాలుక చివరిదాకా వచ్చినా ఆపుకుంటాం. నీ మంచం దగ్గరికి వచ్చే అమ్మాయిలతో నువ్వు ఏం చేస్తున్నావో ఒక వారం గమనించు. ‘వాడిని వదిలెయ్’, ‘మీ నాన్నకు చెప్పెయ్’ అని వెంటనే చెప్పేస్తున్నావంటే అది స్నేహం, మంచిదే, కానీ ఈ పనికి అది గుర్తు కాదు. వాళ్లు చెప్పింది పక్క మంచానికి కూడా తెలియకుండా నీలోనే ఉంచుకోగలుగుతున్నావా, తెల్లారాక కూడా అది నీ మెడ మీద బరువులా ఉండిపోకుండా క్లాసుకు వెళ్లగలుగుతున్నావా, ఇవి చూసుకో.

మధ్యలో ఒక్క మాట. ఆ అమ్మాయిల్లో ఎవరైనా చచ్చిపోవాలనిపిస్తోంది అన్నా, ఇంక నేనుండను అన్నట్టు మాట్లాడినా, అది నీ ఒక్కదాని దగ్గర దాచుకోవాల్సిన రహస్యం కాదు. తనని ఒంటరిగా వదలకు, వార్డెన్‌కో తన ఇంట్లో నమ్మకమైనవాళ్లకో ఆ రాత్రే చెప్పు, 14416కు ఫోన్ చేయించు. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, డబ్బులు కట్టక్కర్లేదు, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. చదువుకున్న కౌన్సెలర్ అయినా చేసేది అదే, అలాంటిది ఒక్కరే మోయరు.

ఇప్పుడు నేను పత్రిక నుంచి ఇటు ఎందుకు వచ్చానో చెప్తాను, నీ ప్రశ్నకు నా జవాబు అందులోనే ఉంది. ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు మా మండలంలో ఒక అబ్బాయి ప్రాణం తీసుకున్నాడు. నేను స్టేషన్‌కు ఫోన్ చేశాను, అవతల కానిస్టేబుల్ రెండు నిమిషాల్లో వివరాలు చెప్పాడు, నేను అయిదు లైన్లు రాసి పంపాను. ‘తల్లి మందలించడంతో మనస్తాపం చెంది’ అని రాశాను. ఆ మాటలు అప్పటికే చేతికి అలవాటైపోయి ఉన్నాయి, ఎవరు పోయినా అవే మాటలు. నెల తర్వాత కాలువలు కట్టేసే రోజుల్లో తాగునీటి వార్త కోసం అదే ఊరు వెళ్తే, ఒకామె ఇంట్లోంచి వచ్చి రేషన్ కార్డు కవర్లో మడిచి పెట్టిన పేపరు ముక్క తీసి నా చేతిలో పెట్టింది. ‘నేనేమీ అనలేదమ్మా. అన్నం తిందువు రారా అని పిలిచాను, అంతే. మందలించానని మీకెవరు చెప్పారు?’ అంది. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఆ ముక్క ఎన్నిసార్లు తీసి చూసిందో మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి, ‘మందలించడంతో’ అన్న చోట మాత్రం స్పష్టంగా ఉంది. నా దగ్గర జవాబు లేదు. డెస్క్‌కు చెప్తే చిన్న వార్తకు సవరణ ఏమిటన్నారు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు, అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆత్మహత్యల వార్తలు ఎలా రాయాలో ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు పెట్టింది. ఎలా జరిగిందో వర్ణించకూడదు, ప్రముఖంగా వేయకూడదు, సంచలన శీర్షికలు పెట్టకూడదు. ఒకే ఒక్క కారణం అంటగట్టకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 24వ సెక్షన్ ప్రకారం ఆసుపత్రిలో మానసిక చికిత్స పొందుతున్నవాళ్ల ఫొటో గానీ వివరాలు గానీ వాళ్ల అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. పోక్సో కేసుల్లో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల కేసుల్లో, ఆ పిల్లల గుర్తింపు బయటపెడితే అదే నేరం. ఇవన్నీ జర్నలిజం కోర్సులో మీడియా చట్టాల పేపర్లో ఉంటాయి, పరీక్షకు బట్టీ కొట్టేస్తారు. నాకు మాత్రం ఆ పేపరు ముక్క చూశాకే చట్టం ఎందుకో అర్థమైంది.

తర్వాత సైకాలజీలో చేరాక ఇంకొకటి జరిగింది. ప్రాక్టికల్స్‌లో భాగంగా ఒక విద్యార్థితో అరగంట మాట్లాడి, ఎవరు ఏ మాట అన్నారో గుర్తున్నంతవరకు పూస గుచ్చినట్టు రాసి మా సూపర్‌వైజర్ గారికి ఇవ్వాలి. అబ్బాయి ‘నాకు సెలవులకి ఇంటికి వెళ్లాలని లేదండి’ అన్నాడు. నేను ‘ఎందుకు, మార్కులు తగ్గాయా?’ అని అడిగాను. అతను అవునన్నాడు. ఆ తర్వాత అరగంటా మార్కుల గురించే మాట్లాడుకున్నాం. మేడమ్ నా కాగితం మీద ‘మార్కులు’ అన్న మాట చుట్టూ సున్నా చుట్టి, ‘ఈ మాట అతను తెచ్చాడా, నువ్వు తెచ్చావా?’ అని రాశారు. నేనే తెచ్చాను. మళ్లీ వారం కూర్చున్నప్పుడు ‘ఇంటికి వెళ్లాలని లేదు’ అన్న మాట దగ్గరే ఆగి ఊరుకున్నాను. చాలాసేపటి తర్వాత ఆ పిల్లాడు ఇంట్లో తాగి గొడవ జరిగే సంగతి చెప్పాడు, మార్కులకూ దానికీ సంబంధమే లేదు. చూశావా, నేను ఆ తల్లి విషయంలో చేసిన తప్పే మళ్లీ చేశాను, ఎదుటి మనిషి అనని కారణాన్ని వాళ్ల నోట్లో పెట్టాను. తేడా ఏమిటంటే ఈసారి సున్నా చుట్టేవాళ్లు ఉన్నారు.

అందుకే కోర్సు పేరు చూడకు అంటాను. నీ పనిని మాట మాటగా చూసి దిద్దేవాళ్లు అక్కడ ఉన్నారా, వారానికి ఎన్ని గంటలు నిన్ను మనుషుల మధ్యకు పంపుతారు, ఇది చూడు. కౌన్సెలింగైనా మీడియా అయినా ఇదే కొలబద్ద. పుస్తకాలు ఎక్కడైనా దొరుకుతాయి.

ఇక దూరవిద్య సంగతి. ఇదివరకు మన వైపు ఆడపిల్లలు చాలామంది ఇగ్నో అనే సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఎంఏ సైకాలజీ కట్టుకునేవారు, ఇంటి దగ్గరే ఉండి చదువుకోవచ్చని. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం కిందికి సైకాలజీ కూడా వచ్చింది కాబట్టి, 2025 జులై-ఆగస్టు నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ కొత్తగా చేర్చుకోకూడదని విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ చెప్పేసింది. ఇంకా ఎవరైనా ‘ఇంట్లోనే ఆరు నెలల్లో సర్టిఫైడ్ సైకాలజిస్ట్’ అని నీ ఫోన్‌కు ప్రకటన పంపితే నమ్మకు, ఫీజు కట్టకు. నిజం చెప్పాలంటే ఈ ఆపడం నాకు సమ్మతమే. దూరం వెళ్లలేని పిల్లలకు కష్టమే, కాదనను, కానీ మనిషి ఎదురుగా కూర్చోకుండా నేర్చుకునే పని కాదు ఇది.

పేర్లలో తికమక ఉంటుంది, జాగ్రత్తగా చూసుకో. క్లినికల్ సైకాలజిస్ట్ అని పెట్టుకోవాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్సీఐ, గుర్తించిన కోర్సు చేసి వాళ్ల రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోవాలి. 1992 చట్టం అది. చాలాకాలం దానికి దారి ఎంఏ తర్వాత రెండేళ్ల ఎంఫిల్, బెంగళూరులో మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ లాంటి చోట్ల చేసేవారు. యూజీసీ 2022 నిబంధనల్లో ఎంఫిల్‌ను ఎత్తేసి, దీనికి మాత్రం కొంతకాలం వెసులుబాటు ఇచ్చింది, కాబట్టి పాత వీడియోలు చూసి ప్లాన్ వేసుకోకు, చేరే ఏడాది ఆర్సీఐ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు పేరు రెండూ ఉన్నాయో లేదో నువ్వే చూసుకో. కౌన్సెలర్ అనే మాటకు మన దేశంలో ఇన్నాళ్లూ అలాంటి కాపలా లేదు, అందుకే వారం రోజుల శిక్షణ తీసుకున్నవాళ్లూ బోర్డు పెట్టేస్తున్నారు. నువ్వు మాత్రం రెండేళ్ల పీజీ లేకుండా ఆ పనిలో దిగకు.

మనకు దగ్గరలో పెద్ద చోటు ఆంధ్ర విశ్వవిద్యాలయమే. 1926లో పెట్టింది, సైకాలజీ, సోషల్ వర్క్, జర్నలిజం మూడు విభాగాలూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి, ఎటూ తేల్చుకోలేనివాళ్లకు అదొక వీలు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వరలో సైకాలజీ ఉంది, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, జర్నలిజం ఉంది, ఆడపిల్లల యూనివర్సిటీ అంటే మీ నాన్నగారు కాస్త మెత్తబడతారేమో చూడు. రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీ సీట్లు ఏపీ పీజీసెట్ ద్వారా ఇస్తారు. డిగ్రీలో సైకాలజీ చదవనివాళ్లను తీసుకుంటారా లేదా అన్నది నోటిఫికేషన్‌లో అర్హతల దగ్గర చూసుకో. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి, అక్కడ హెల్త్ సైకాలజీ ఉంది, కమ్యూనికేషన్ కూడా ఉంది, పరికరాలూ స్టూడియో బాగుంటాయి, పోటీ గట్టిగా ఉంటుంది.

సోషల్ వర్క్ అన్నాను కదా, దాన్ని చాలామంది పట్టించుకోరు. నీలాంటి అమ్మాయికి అదే సరైనదేమో అని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎంఎస్‌డబ్ల్యూలో, అంటే సోషల్ వర్క్ పీజీలో, సాధారణంగా వారంలో రెండు రోజులు ఫీల్డ్ వర్క్ ఉంటుంది, ఆసుపత్రో, బాలల సంరక్షణ గృహమో, మురికివాడో, ఎక్కడికో పంపుతారు, డైరీ రాయిస్తారు, ఆ డైరీ చూసి మాట్లాడతారు. ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్ఐవీ పరీక్షా కేంద్రాల కౌన్సెలర్ పోస్టులకు, మహిళల కోసం పెట్టిన సఖి కేంద్రాల్లాంటి వాటికి సైకాలజీ వాళ్లతోపాటు వీళ్లనూ తీసుకుంటారు. ఎక్కువ కాంట్రాక్టు ఉద్యోగాలే, జీతం టీచరుకు వచ్చినంత రాదు, ఈ ముక్క ఇంట్లో దాచకుండా చెప్పు. కాకపోతే ఒక మార్పు వస్తోంది. విశాఖలో చనిపోయిన నీట్ విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలంది. రాజమండ్రి, కాకినాడ, తణుకు, భీమవరం, ఎన్ని రెసిడెన్షియల్ కాలేజీలు ఉన్నాయో నీకు తెలుసు. అందరూ రేపే పెట్టేస్తారని చెప్పను, కొందరు లెక్చరర్‌కే ఆ పని అంటగడతారు, అది నేను కళ్లారా చూస్తున్నాను. అయినా అర్హత ఉన్న మనిషి కావాలి అనే మాట ఇంత గట్టిగా ఇదివరకు ఎవరూ అనలేదు.

మీడియా వైపు వస్తే. రాజమండ్రి ప్రాంతంలో 1874లో వీరేశలింగం గారు వివేకవర్ధని మొదలుపెట్టారని తెలుగు పత్రికల చరిత్రలో చదువుకుంటావు. ఆయన రాసింది ఎవరి లంచాల మీద? అదే ఊళ్లో, రేపు రోడ్డు మీద ఎదురుపడే మనుషుల మీద. మండలంలో పనిచేసే విలేకరికి నూట యాభై ఏళ్ల తర్వాత కూడా ఇదే కష్టం, ఇసుక గురించి రాస్తే ఆ ఇసుక తోలేవాడు టీ కొట్టు దగ్గర పక్కనే కూర్చుంటాడు. దీనికి ధైర్యం ఒక్కటే చాలదు, ఆధారం లేకుండా ఒక్క ముక్క రాయకుండా ఉండడం నేర్చుకోవాలి, అది డెస్క్‌లో ఎవరో నువ్వు రాసిన వాక్యాలు కొట్టేస్తూ ఉంటేనే వస్తుంది. మా ఇన్‌చార్జి గారు ‘పలువురు అంటున్నారు’ అని రాస్తే ఆ పలువురిలో ఒకరి పేరు చెప్పమనేవారు. చెప్పలేకపోతే ఆ వాక్యం ఎగిరిపోయేది.

పెద్ద పత్రికలకు సొంత జర్నలిజం స్కూళ్లు ఉన్నాయి. తెలుగు, అనువాదం, వర్తమాన వ్యవహారాల మీద పరీక్ష పెట్టి తీసుకుంటారు, నేర్పే కాలంలో స్టైపెండ్ ఇస్తారు, తర్వాత ఇన్నేళ్లు పనిచేయాలని ఒప్పందం రాయించుకుంటారు. డబ్బు పెట్టలేని ఇంటివాళ్లకు మంచి దారి, దిద్దేవాళ్లు రోజూ ఎదురుగా ఉంటారు. సంతకం పెట్టేముందు ఆ ఒప్పందం మాత్రం మీ నాన్నగారితో కూర్చుని మొత్తం చదువు. యూనివర్సిటీ ఎంఏ చేస్తే ఒప్పందాలు ఉండవు, పరిశోధన, బోధన వైపు కూడా వెళ్లొచ్చు. ఒక్కటి మాత్రం వద్దు, ఏ చదువూ లేకుండా ఊళ్లో ఏదో ఛానెల్‌కు స్ట్రింగర్‌గా, అంటే పార్ట్‌టైమ్ విలేకరిగా, చేరిపోకు. గుర్తింపు కార్డు ఇస్తారు, జీతం అంతంతమాత్రం, పండగొస్తే ప్రకటనల టార్గెట్ నెత్తిన పెడతారు, పొద్దున వార్త రాసిన మనిషి దగ్గరికే సాయంత్రం ప్రకటన అడగడానికి వెళ్లాలి. అలా మంచి పిల్లలు ఎంతమందో పాడైపోయారు.

కమ్యూనికేషన్ అంటే పేపరు, టీవీయే అనుకోకు. మొన్న 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో గాలులు అని అందరి ఫోన్లకూ వచ్చింది. సముద్రం ఒడ్డున ఉండే ఇల్లాలికి ఆ అంకెతో ఏం పని? ఏ రాత్రికి ఇల్లు వదలాలి, ఏ స్కూలుకు వెళ్లాలి, గేదెల్ని కట్టేసి వెళ్లాలా విప్పి వెళ్లాలా, ముసలాయన మందులు ఏ సంచిలో పెట్టాలి, ఇవి కావాలి. బులెటిన్‌ను ఈ మాటల్లోకి తేవడం ఒక చదువు, దాన్ని అభివృద్ధి కమ్యూనికేషన్ అని సిలబస్‌లో పెడతారు, మాస్ కమ్యూనికేషన్ వాళ్లలో దాని మీద మనసు పెట్టేవాళ్లు తక్కువ. రొయ్యల రైతులకు, ఆసుపత్రులకు, పంచాయతీలకు, ఇలా రాయగలిగేవాళ్ల అవసరం మన డెల్టాలో ఎంతో ఉంది.

నీకు ఏది సరిపడుతుందో నేను చెప్పలేను, కానీ తెలుసుకోవడానికి ఒక పని చెప్తాను. నీ వీడియోలు నాలుగు చూశాను, కొబ్బరి చెట్లు, కాలువ, పడవ అందంగా తీశావు, మనుషులు మాత్రం దూరంగా నడిచి వెళ్తూ కనిపిస్తారు. ఈ ఆదివారం కెమెరా పక్కన పెట్టి కొబ్బరి దింపు తీసే ఒక మనిషి దగ్గర అరగంట కూర్చో. ముందే ప్రశ్నలు రాసుకుని వెళ్లకు. ఇంటికొచ్చి ఆయన అన్న మాటలు ఆయన అన్నట్టే రాయి. ఆ కాగితం చూస్తే నీకు ఇది పదిమందికీ తెలియాలి, ఆయన ఒప్పుకుంటే రేపే బయటపెట్టాలి అని చేతులు దురదపెడుతున్నాయా, లేక ఈ మనిషి మళ్లీ వారం ఎలా ఉన్నాడో అన్న ధ్యాస ఎక్కువగా ఉందా? నాకు పత్రికలో ఉన్నంతకాలం రెండోదే ఎక్కువగా ఉండేది, అది తెలుసుకోవడానికి పదకొండేళ్లు పట్టింది. ఆ కాగితంలో ఆయన అనని మాట నువ్వు ఎక్కడైనా పెట్టావేమో వెతికి సున్నా చుట్టి చూడు.

బీఈడీ గురించి ఇంట్లో పోట్లాట పెట్టుకోకు, పీజీ తర్వాత కూడా చేసుకోవచ్చు, స్కూళ్లలో కౌన్సెలర్‌గా పనిచేయాలనుకుంటే అది అదనపు బలమే అని చెప్పు. నాన్నగారితో ఫోన్లు, బ్రోచర్లు పెట్టుకుని వాదించేకంటే, సెలవు కాని రోజున పొద్దున్నే రాజమండ్రిలో రైలెక్కించి విశాఖ తీసుకెళ్లు. మధ్యాహ్నానికి యూనివర్సిటీలో ఉంటారు. సోషల్ వర్క్ విభాగంలో ఎవరినైనా సీనియర్ అమ్మాయిని అడిగి తన ఫీల్డ్ వర్క్ డైరీ ఎలా ఉంటుందో చూపించమను. లోపల మనుషుల సంగతులు చూపించకూడదు కాబట్టి చూపించదు, పై అట్ట, దిద్దిన ఎర్ర గీతలు ఉన్న ఒక పేజీ అంచు చూపిస్తే చాలు. అంతా తెరిచి చేతిలో పెట్టేస్తే మాత్రం ఆ విభాగం గురించి మరోసారి ఆలోచించు. లేడీస్ హాస్టల్ కూడా నాన్నగారితోనే అడిగించు, ఆయనే వార్డెన్‌తో మాట్లాడితే సగం టెన్షన్ తగ్గుతుంది. వెళ్లొచ్చాక ఏమనుకున్నారో ఇక్కడే రాయి, చూస్తుంటాను.